పసుపు లేని శుభలేఖ

"అమ్మమ్మా, కిరణ్ బాబాయ్ మీ పుట్టింటోళ్ళ వంశవృక్షం గీసి గ్రూపులో పెట్టాడంట, అమ్మ నాకు పంపింది. ఇందులో నీ పేరు పక్కన ఇద్దరు భర్తలున్నారు. తాతయ్య కంటే ముందు నీకు ఇంకో పెళ్ళయిందా?"

నీ దాకా కూడా వచ్చిందీ! రానీ, రానీ. ఇద్దరితోనే ఎందుకు ఆపాడో, ఇంకొకణ్ణి కూడా రాస్తే వాడి సొమ్మేం పోయింది. నవ్వమాకే. నువ్వు నవ్వితే నాకూ నవ్వొచ్చిద్ది, నాకిప్పుడు నవ్వే ఉద్దేశం లేదు. ఏందది, ఫోను అట్టా గ్లాసుకి ఆనించి నిలబెట్టావ్? రికార్డు చేస్తన్నావా? చెయ్యి. బాగా చెయ్యి. ఆ ఫ్యాను కాస్త తగ్గించు, కటకటమంటది, నా మాట సరిగ్గా పడాల అందులో.

ఆ కిరణుగాడు మా తమ్ముడు శేషగిరి కొడుకు. నాకు మేనల్లుడు. నలభై దాటినయ్, హైదరాబాదులో పెద్ద ఉద్యోగం. బుర్ర మాత్రం ఇంకా పలక పట్టుకున్న కాడే ఆగిపోయింది. రెండేళ్ళ నుంచీ వాడికి ఈ వంశవృక్షం పిచ్చి పట్టుకుంది. శని ఆదివారాలు కారేసుకుని రావటం, గురజాల పోవటం, నరసరావుపేట పోవటం, ఆఫీసుల్లో వాళ్ళనీ వీళ్ళనీ బతిమాలి పాత కాయితాలు తీయించటం, ఫోటోలు కొట్టటం. మా తాతకి ముత్తాత ఎవడో కూడా కనిపెట్టాడంట. మహా సంబడం. చచ్చినోళ్ళందర్నీ లేపి వరసగా నిలబెట్టాడు గానీ, బతికున్న మేనత్తని, దాచేపల్లిలో గుండ్రాయిలాగా కూర్చున్నదాన్ని, ఒక్క ఫోను చేసి "అత్తా, నీకు ఎన్ని పెళ్ళిళ్ళు అయినయ్" అని అడగలేకపోయాడు. అడిగితే చెప్పనా? నాకు నోరు లేదా?

వాడికి రెండు కాయితాలు దొరికినయ్. ఒకటేమో మా నాయన సీలింగు అప్పుడు ఆఫీసులో ఇచ్చిన డిక్లరేషను. అందులో ఏముందీ, నా కూతురు కోటేశ్వరమ్మకి నకరికల్లు కాపరస్తుడు నాగభూషణంతో వివాహమైనది అనుంది. దానికి తోడు ఒక శుభలేఖ జతచేసి ఉంది. రెండోదేమో నాకూ మీ తాతకీ అయిన పెళ్ళి శుభలేఖ, అది మా పుట్టింట్లో బీరువా అడుగున దొరికింది. ఈ రెండూ ముందేసుకుని ఆ మేధావి చానా ఆలోచించాడంట. ఆలోచించి, కింద చిన్న అక్షరాల్లో ఏం రాశాడో చదువు. ఆ, అదే. "మొదటి భర్తతో విడిపోయి ఉండవచ్చు." ఉండవచ్చంట! నేను ఎవరితో ఉన్నానో ఎవరితో విడిపోయానో వాడు ఉండవచ్చు అని రాసేదేంది? ఆ మొదటి కార్డు మీద తేదీ చూసుకున్నాడా అసలు? ఆ తేదీకి నాకు పదేళ్ళు. పదేళ్ళ పిల్ల మొగుడితో విడిపోయి, ఎంచక్కా అయిదో తరగతి పాసయ్యిందంట.

నీకు తమాషాగా ఉంది. మీ తాత పోయి మూడేళ్ళు. ఆయన్ని ఏనాడూ పేరు పెట్టి పిలవలా నేను, ఇప్పటికీ నా నోటికి రాదు. అట్టాంటి మనిషిని తీసుకొచ్చి రెండో మొగుడు అని రాశాడు. ఈ ఆదివారం నరసరావుపేటలో ఏదో ఫంక్షను హాల్లో మా ఇంటిపేరోళ్ళందరూ కలుస్తన్నారు. ఈ చెట్టు బొమ్మని గోడంత ఫ్లెక్సీ కొట్టించి స్టేజీ వెనక కడతారంట. మీ తాత తమ్ముళ్ళని కూడా పిలిచారు, వియ్యాలోళ్ళ కింద. వాళ్ళు వచ్చి తలెత్తి చూస్తే, మా అన్న రెండోవాడు అని కనపడిద్ది. ఆ మనిషి ఉంటే నవ్వి ఊరుకునేవాడేమో. నేను ఊరుకోను.

సీలింగంటే నీకు తెలీదులే. ఒక్కో ఇంటికి ఇంతే పొలం ఉండాల, మిగిలింది గవర్నమెంటు తీసుకుని లేనోళ్ళకి పంచిద్ది, అదీ చట్టం. చెడ్డ చట్టమని నేననను. మావాళ్ళకి మాత్రం నిద్ర పట్టలా. సాగరు కాలవ రాకముందు మా పొలాలు ఎవడిక్కావాల? జొన్నలు, వరిగెలు, వాన పడితే తిన్నట్టు లేకపోతే లేదు. మా తాత ఒక చేను ఇచ్చేసి ఎద్దుల జత తోలుకొచ్చుకున్నాడంట, పైగా లాభం వచ్చిందని ఊరంతా చెప్పుకున్నాడంట. అదే చేను… ఆ, ఏం చెప్తన్నా? కాలవ. కాలవ వచ్చింది, నీళ్ళొచ్చినయ్, నీళ్ళతో పాటు మావాళ్ళకి మీసాలొచ్చినయ్. ఇంక ఒక్క సెంటు వదులుకోవాలంటే ప్రాణం పోయినట్టే.

ఆ ఏడు మా ఊళ్ళో జరిగిన నాటకాలు చూడాల నువ్వు. గురజాల దగ్గరేగా మా ఊరు, రోజూ బస్సెక్కటం, ప్లీడర్ల అరుగుల మీద కూర్చోటం. ఊళ్ళో పిల్లకాయలందరికీ ఒక్కసారే వయసొచ్చేసింది. మూతి మీద నూగు లేనోళ్ళు మేజర్లు, మేజరు కొడుకుంటే ఇంకో వాటా పొలం ఉంచుకోవచ్చుగా. మా ఎదురింటి మామ పెళ్ళాంతో తెగతెంపులైనట్టు రాయించుకున్నాడు, ఆ సిరా ఆరకముందే ఆమెకి నెల తప్పింది. మా తమ్ముణ్ణి కూడా మేజరు చేద్దామనుకున్నారు. వాడు నాకంటే రెండేళ్ళు చిన్న. నిక్కరు నడుం మీద నిలిచేది కాదు వాడికి, ఒక చేత్తో పట్టుకుని తిరిగేవాడు. ఆఫీసరు ఒక్కసారి చూస్తే గుట్టు బయటపడిద్దని మానుకున్నారు. ఇంక మిగిలింది నేను.

పెళ్ళయిన కూతురు తండ్రి లెక్కలోకి రాదంట. పెళ్ళప్పుడు పసుపు కుంకుమల కింద కూతురికిచ్చిన పొలం కూడా రాదంట, కాకపోతే ఆ పెళ్ళి సీలింగు చట్టం రాకముందే అయినట్టుండాల. ఈ ముక్క ప్లీడరు గుమాస్తా చెప్పాడు. మా నాయన మొహం వెలిగిపోయింది.

నేను బడి నుంచి వచ్చేసరికి వసారాలో గుమాస్తా, మా నాయన, మా మేనత్త కొడుకు నాగభూషణం బావ, ముగ్గురూ కూర్చుని ఉన్నారు. "అమ్మాయ్, నీకు పెళ్ళయింది" అన్నాడు మా నాయన. "ఎప్పుడు నాయనా?" అన్నా. "మూడేళ్ళయింది" అన్నాడు. ఒట్టే, నీ మీద ఒట్టు. పెళ్ళికి పట్టుపరికిణీ కుట్టిస్తారుగా, మరి నాదేది అని అడిగా. ఆ గుమాస్తా చావు నవ్వు నవ్వాడు, కళ్ళల్లో నీళ్ళు తుడుచుకుని మరీ నవ్వాడు. బావ తలొంచుకుని కాలి బొటనవేలు చూసుకుంటా కూర్చున్నాడు. పళ్ళు ఎత్తుగా ఉండేయి ఆయనకి, నోరు మూతపడేది కాదు, అందుకని సిగ్గుపడ్డా నవ్వినట్టే ఉండేది.

శుభలేఖ ఉంటే కేసు గట్టిగా ఉండిద్దన్నాడు గుమాస్తా. నరసరావుపేట ప్రెస్సులో కొట్టించారు. పది కొట్టినా వంద కొట్టినా కూలి ఒకటేనంట, మా నాయన దానికి కూడా ఏడ్చాడు. కొత్త కార్డు పాతదిగా కనపడాలిగా, తీసుకొచ్చి పొయ్యి పైన అటక మీద పెట్టారు పొగ పట్టటానికి. ఎండుమిరపకాయలు, చింతపండు బుట్ట, నా పెళ్ళి, అన్నీ ఒక్క చోటే.

మా అమ్మ సంగతి చెప్పాల నీకు. మా అమ్మ నోట్లో నాలుక లేని మనిషి. మా నాయన ఎంతంటే అంత. ఆ రోజు మాత్రం, మా నాయన కార్డులు తెచ్చి "నాలుగు మూలలా పసుపు పెట్టు" అన్నాడు చూడు, మా అమ్మ చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంది. "కాయితంతో మీరేం అబద్ధం చెప్పించుకుంటారో చెప్పించుకోండి. నా చేత్తో పసుపు పెట్టను. పసుపు పెడితే నా బిడ్డకి పెళ్ళయిపోయినట్టే" అంది. మా నాయన అరిచాడు, చెంబు విసిరాడు. పెట్టలా. మగోళ్ళకి ఇంట్లో పసుపు డబ్బా యాడుంటదో తెలిస్తేగా! ఉత్త కార్డే పట్టుకుపోయి ఫైల్లో పెట్టారు. ఆ ఫైలు చూసిన ఆఫీసరు కూడా మూలలు చూళ్ళా. పసుపు లేని శుభలేఖ ఈ దేశంలో ఎవడు పంచాడు?

ఇప్పుడు ఆ రెండు కార్డుల ఫోటోలు తియ్యి. గ్రూపులో పెట్టాడుగా, ప్రూఫులంట. మొదటిది పెద్దది చెయ్యి. మూలలు చూడు. ఏముంది? పొగ మరక. ఇంకేముంది? ఏం లేదుగా. ఇప్పుడు మీ తాతది చూడు. ఆ, చూశావా, నాలుగు మూలలా ఇప్పటికీ ఎట్టా ఉందో. ఆ పైది కాస్త సాగి ఉంది చూడు, అది మా అమ్మ వేలు. ఆమెకి బొటనవేలు వంకర, ఎప్పుడో రోకలి పడి. నా దగ్గర కూడా ఒక కార్డుంది, ఆ పెట్టెలో, పట్టుచీరె మడతలో.

రెండూ ముందేసుకుని ఏది నిజమో తెలీలేదంటమ్మా ఆ చదువుల పుట్టకి! వాడి పెళ్ళికి వందల కార్డులకి నేనే కూర్చుని పసుపు పెట్టా, వేళ్ళు ఎన్నాళ్ళు పచ్చగా ఉన్నయ్యో. వాడు ఎదురుగా కుర్చీలో కూర్చుని ఫోను నొక్కుకుంటా ఉన్నాడు. చూసి ఉంటేగా తెలిసేది.

మా మేనత్త సంగతి ఎవడూ రాయడు. మా నాయనకి సొంత చెల్లెలు, ఆ నాగభూషణం బావ తల్లి. ఆమెకి కాయితం వరకేనని చెప్పారు. ఆమె అట్టా అనుకోలా. మేనరికం వరస ఉందాయె, అన్న తన కొడుకు పేరే రాయించాడాయె, ఇంక మాటిచ్చినట్టేగా అనుకుంది పిచ్చిది. వారం తిరక్కుండా తట్టలో సున్నుండలు, గాజులు, పూలు పెట్టుకుని వచ్చింది. "కాయితం మీద ముందైంది, పందిట్లో తర్వాత అయిద్ది, ఏంది తేడా" అన్నది. అప్పటి నుంచీ నన్ను పేరు పెట్టి పిలవలా. కోడలా, కోడలా. మా నాయన ఔననలా, కాదనలా. అవసరం తీరేదాకా గమ్మున ఉన్నాడు. ఫైలు మూసేశారని తెలిసినాక, నకరికల్లులో ఏముంది మట్టి అని ఈ దాచేపల్లి సంబంధం తెచ్చాడు.

నన్ను పెళ్ళికూతుర్ని చేసే రోజు వచ్చింది మా అత్త. పిలవకుండానే వచ్చింది. గుమ్మం బయటే నిలబడింది, నలుగు పెట్టే ఆడోళ్ళందరూ చూస్తన్నారు. "అన్నయ్యా, నీ అబద్ధానికి నా కొడుకు కావాల్సొచ్చాడు. నిజానికి పనికిరాలా?" అంది. అంతే. మంచినీళ్ళు కూడా ముట్టకుండా బస్సెక్కింది. చచ్చేదాకా మళ్ళీ మా గడప తొక్కలా. నేను బావ కోసం ఏడ్చానని అనుకుంటావేమో, లేదు తల్లీ, మీ తాత ముందు ఆ బావ ఏపాటి. ఆమె మొహం గుర్తొస్తే మాత్రం ఇప్పటికీ సున్నుండ నోట్లో పెట్టుకోలేను.

ఆ, నిన్న సంగతి. నిన్న పొద్దున మీ అమ్మ ఫోన్లో ఈ భాగోతం చదివి వినిపించగానే, కిరణుకి చేశా. "ఏందిరా అబ్బాయ్, నాకు ఇంకో మొగుణ్ణి వెతికిపెట్టావంట" అన్నా. వాడు నెమ్మదిగా, నేనేదో చంటిపిల్లనైనట్టు, "అత్తా, ఎమోషనల్ అవమాక. నేను ఎవిడెన్సు ప్రకారమే పోతా. మనుషులు మర్చిపోతారత్తా, రికార్డు మర్చిపోదు" అన్నాడు. నాకే చెప్తన్నాడు, నా పెళ్ళి నేను మర్చిపోయానని! "రికార్డంటే అంత నమ్మకమా నాయనా?" అన్నా. "గవర్నమెంటు ముద్ర ఉందత్తా" అన్నాడు.

"అయితే ఆ డిక్లరేషన్లో నాగభూషణం పేరున్న లైను కింద ఇంకో లైనుండాల, అది చదువు" అన్నా.

చదివాడు. మొదలుపెట్టటం గట్టిగానే మొదలుపెట్టాడు. "సదరు కోటేశ్వరమ్మకు వివాహ సమయమున పసుపు కుంకుమల నిమిత్తము కాలువ కింద నాలుగు ఎకరముల భూమి ఇచ్చి స్వాధీనపరచడమైనది." స్వాధీనం కాడికి వచ్చేసరికి సగం అక్షరాలు మింగేశాడు. "అది… అది ఊరికే సీలింగు కోసం రాశారంటత్తా, నాన్న చెప్పాడు" అన్నాడు. చూశావా? వాడికి ముందే తెలుసు, తండ్రిని అడిగాడు కూడా! ఓహో అన్నా. ఒకే కాయితం, కింద ఒకే సంతకం. పై లైన్లో మొగుడు మాత్రం నిజం, కింది లైన్లో పొలం మాత్రం ఊరికేనా? ఎంత బాగుందిరా నీ రీసెర్చి అన్నా.

ఆ నాలుగెకరాల మట్టి నా కాలికి అంటలేదే. ఫైలు మూసినాక "అది కాయితం వరకే గదమ్మా" అన్నాడు మా నాయన. సరేనన్నా. తమ్ముడు దున్నుకున్నాడు. పాసుపుస్తకం వాడి పేరునే వచ్చింది. మిరప వేశాడు, పత్తి వేశాడు, కొంత అమ్మి నరసరావుపేటలో మేడ కట్టాడు, ఈ మేధావికి ఇంజనీరింగు చెప్పించాడు. నేను ఒక్కనాడు నోరెత్తి అడగలా. మీ తాతకి కూడా చెప్పలా, చెప్తే నా పుట్టిల్లు ఆయన దగ్గర చులకనయిద్దని. ఆ పుట్టిల్లు ఇప్పుడు ఆయన్నే చులకన చేసింది.

అందుకని వాడికి చెప్పా. నిజమైతే రెండూ నిజంరా, అబద్ధమైతే రెండూ అబద్ధం. నీకు అనుకూలమైన లైను ఏరుకోటానికి అదేమన్నా పప్పులో రాళ్ళా. నీ ఫ్లెక్సీ మీద నాగభూషణం ఉంటే, పక్కనే నా నాలుగెకరాలు కూడా ఉండాల, సర్వే నెంబర్లతో సహా. లేకపోతే ఆదివారం నేనే వచ్చి మైకులో చదువుతా అన్నా.

అరగంట కాలా, మా తమ్ముడు ఫోను. మీ తాత పోయినప్పుడు మూడో రోజుకి గానీ కారు దిగనోడు! "అక్కా, ఒంట్లో ఎట్టుంది?" అన్నాడు. "నాకు బానే ఉంది, నీ గొంతే వణుకుతుంది" అన్నా. "వాడు కుర్రోడక్కా, తెలీక రాశాడు, నేను మార్పిస్తా. ఆదివారం నువ్వు అంత దూరం ఏం వస్తావులే, మోకాళ్ళ నొప్పులాయె" అన్నాడు. ఎంత ప్రేమో! సరే, నా పక్కన మీ బావ పేరు ఒక్కటి ఉంచండి, అది చాలు, నాకు మీ మీటింగూ వద్దు మీ భోజనాలూ వద్దు అని పెట్టేశా. నిజంగానే అంతటితో వదిలేద్దామనుకున్నానే. ఈ వయసులో పొలం ఏం చేసుకుంటా, నెత్తిన పెట్టుకుని పోతానా?

ఏంది, ఫోను మోగింది? మీ అమ్మేనా? మార్చాడంటనా? చూడు, చూడు. ఏదీ, పైనుంచి చదువు. మా నాయన. ఊఁ. మా అమ్మ. ఊఁ. కింద? శేషగిరి. మా మరదలు. ఆ కింద కిరణు, వాడి పెళ్ళాం, పిల్లలు. సరే. శేషగిరికి ఎడం పక్కన నేనుండాల, పెద్దదాన్ని. లేదా? సరిగ్గా చూడవే. పెద్దది చెయ్యి. కుడి పక్కన? ఎక్కడా లేనా? మరి మీ అమ్మ? మీ అమ్మ కూడా లేదా. ఆమె లేకపోతే నువ్వు మాత్రం యాడుంటావ్.

ఉండు. ఫోను ఇట్టా ఇవ్వు, నేనే చూస్తా.

ఇద్దరు మొగుళ్ళు వద్దురా అంటే, నన్నే తీసేశాడు. అవున్లే. కూతురే లేకపోతే పసుపు కుంకుమలు ఎవరికి, పొలం ఎవరికి? చదువుకున్నోడు కదా. ఇంతకంటే మా నాయనే నయమే, పొలం కోసం నాకు కాని పెళ్ళి చేశాడు. వీళ్ళు అదే పొలం కోసం నేను అసలు పుట్టలేదన్నారు.

ఏడవట్లేదులే. కళ్ళజోడు తుడుచుకుంటన్నా. ఆ పాత బొమ్మ నీ ఫోన్లో ఉందిగా? ఆ డిక్లరేషను ఫోటో కూడా ఉందిగా? చెరపమాక. వాడి చేత్తో వాడే పెట్టాడు. ఆదివారానికి కారు మాట్లాడు. నకరికల్లు దారిలోనేగా, నాగభూషణం బావ ఇంకా ఉన్నాడు, కర్ర పట్టుకుని నడుస్తాడంట. ఆయన్ని ఎక్కించుకుందాం. మా అత్తని లోపలికి రమ్మన్నోడు లేడు ఆ రోజు, ఆమె కొడుకన్నా స్టేజీ ఎక్కుతాడు. ఆ పెళ్ళి అబద్ధమని ఆయన చెప్తాడు. ఆ అబద్ధం ఎందుకు ఆడారో నేను చెప్తా. ఆ పొలం ఎవరు తిన్నారో శేషగిరి చెప్తాడు. పొలం ఇస్తారా ఛస్తారా తర్వాత సంగతి, అదీ అడుగుతా, ఇన్నాళ్ళూ అడగలేదని ఇప్పుడూ అడగనా? ముందు నేను ఆ ఇంట్లో పుట్టానని నలుగురిలో ఒప్పుకోవాల వాళ్ళు.

ఇట్టా రా. వంగు. చల్లగా నిండు నూరేళ్ళు ఉండమ్మా. నీ పెళ్ళికార్డులకి నేనే పసుపు పెడతా, వేళ్ళల్లో సత్తువుంటే. నేను లేకపోతే మీ అమ్మతో పెట్టించుకో, ఎవడో ప్రెస్సోడు పసుపు కూడా అచ్చేసి ఇస్తానంటే ఒప్పుకోమాక. ఊఁ, లే. ఆ పెట్టె దించు, మీ తాత కార్డు తియ్యాల. మెల్లగా, ఆ చీరె మడతలు విప్పమాక… ఇంకా రికార్డవుతుందా అది? అవ్వనీలే.